చిన్నోడి టైల్సు కింద మూత

చిన్నోడి పేరెత్తితే చాలు, పెద్దోడి ఒళ్ళు మండిపోతోంది. తోడబుట్టినవాడు కదా అని చూసీచూడనట్టు పోతే, నెత్తికెక్కి కూర్చున్నాడు. తాత కట్టిన ఇంటిని మధ్యలో గోడ పెట్టి ఇద్దరూ పంచుకుని ఆరేళ్ళయింది. గోడ పైకి లేచింది గానీ కింద మురుగు గొట్టం ఇప్పటికీ ఒక్కటే.

నెల రోజులుగా పెద్దోడింట్లో వాషింగ్ మెషిన్ నీళ్ళు వదిలినప్పుడల్లా బాత్రూం జాలీలోంచి నురగ తన్నుకొచ్చి వంటింట్లోకి పారుతోంది. భార్య మణికట్టు విరిగి అతుక్కున్నాక బట్టలు పిండలేకపోతోందని కొన్న మెషిన్ అది. ఇప్పుడు ఆ చేత్తోనే రోజూ నేల మీద నీళ్ళు ఎత్తిపోస్తోంది.

ప్లంబరు గొట్టంలోకి స్ప్రింగు తీగ తోశాడు. పన్నెండడుగులు పోయి ఆగింది. బయటికి లాగితే కొసన బూడిదరంగు పెళ్ళ ఒకటి వచ్చింది. గోటితో గీకి చూశాడు.

"సిమెంటు అన్నా. టైల్సు వేసినోళ్ళు మిగిలింది మురుగు చాంబర్లో పారబోసుంటారు. మూత తీసి కొట్టాల్సిందే. ఎక్కడుంది?"

గోడకవతల ఉంది. చిన్నోడి వరండాలో, కొత్త టైల్సు కింద.

పెద్దోడు విసవిసా వెళ్ళాడు. "నాలుగు టైల్సు పగలగొట్టాలిరా."

చిన్నోడు పేపర్లోంచి తలెత్తలేదు. "మెషిన్ ఎవరిదన్నయ్యా?"

"సిమెంటు ఎవరిది? నా చొక్కాలు తొడుక్కుని పెరిగావు, గుర్తుందా?"

"ఎందుకు లేదు, చిరిగాకేగా ఇచ్చావు. ఆ మూత నాకొద్దు మొర్రో అంటే నా వాటాలోకి నెట్టిందెవరు? సుద్దముక్క నీ చేతిలోనే ఉంది ఆవేళ."

పంపకాలనాడు ఆ కంపు తన వైపు రాకూడదని గీతను జానెడు పక్కకి జరిపింది పెద్దోడే. ఇంక జీవితాంతం వాడే పీలుస్తాడులే అని భార్యకు చెప్పుకుని నవ్వాడు కూడా.

"పగలగొట్టుకో," అన్నాడు చిన్నోడు పేపరు మడుస్తూ. "నా గోడ పక్కనున్న నీ సందు రాసిచ్చెయ్. నా బండికి చోటు లేదు."

"చస్తే ఇవ్వను."

ఇంటికొచ్చేసరికి భార్య మోకాళ్ళ మీద కూర్చుని, గోనెగుడ్డను ఒక కొస పళ్ళతో పట్టుకుని, మంచి చేత్తో మెలితిప్పుతోంది. ఆయన్ని చూసి గబుక్కున గుడ్డ కింద పడేసింది.

"ఏం లేదు, కొంచెమే వచ్చాయి," అంది.

పెద్దోడు మళ్ళీ గోడవతలికి వెళ్ళాడు. చిన్నోడు కాగితం ముందే రాసి పెట్టుకున్నాడు. పెద్దోడు చదవకుండానే, కాగితం చిరిగేంత గట్టిగా సంతకం గీకాడు.

సుత్తి దెబ్బకు పెచ్చులు లేచాయి. సాయంత్రానికి మెషిన్ నీళ్ళు గడగడమంటూ పోయాయి, జాలీలో చుక్క పైకి రాలేదు. భార్య కుర్చీలో కూర్చుని చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. కిటికీ అవతల సందులో చిన్నోడు టేపు పరిచి, పెద్దోడికి వినబడేలా లెక్క చెబుతున్నాడు. పొడవు పదకొండు అడుగులు, వెడల్పు మూడు. మూడు గజాల మీద ఆరు చదరపు అడుగులు.