ఈశాన్యం మూల స్పీకరు

నేను ఒక జోడీలో సగాన్ని. పాతకాలపు స్పీకర్లం మేము. ఒకే టేకు దుంగలోంచి కోసిన రెండు పెట్టెలం. మొదట ఒక డాక్టరుగారి మేడలో ఉన్నాం. ఆయన మమ్మల్ని విన్నదానికన్నా చుట్టాలకు చూపించిందే ఎక్కువ. ఇల్లు మారేటప్పుడు కాకినాడ గంగరాజుగారికి అమ్మేశారు.

గంగరాజుగారు మంచివారే గాని ఖాళీగా ఉండలేరు. మా కోన్ల చుట్టూ పొడిపొడిగా రాలుతున్న ఫోము తీయించి కొత్తది వేయించారు. కెపాసిటర్లు మార్పించారు. లావుపాటి వైరు తెచ్చారు. ఇదంతా భార్య మాణిక్యంగారి కోసం. ఆవిడా, అక్క రత్నంగారూ పెళ్ళిళ్ళలో ఎదురుబొదురుగా కూర్చుని వియ్యాలవారి పాటలు పాడేవారు. ఒకరు ఆడపెళ్ళివారి తరఫున దెప్పితే, రెండోవారు మగపెళ్ళివారి తరఫున తిప్పికొట్టేవారు. ఒక పెళ్ళిలో చెరో మైకు పెట్టి, ఒక్కో గొంతు ఒక్కో స్పీకరులోంచి వచ్చేలా రికార్డు చేసిన టేపు ఒక్కటే మిగిలింది. రత్నంగారు నిరుడు పోయారు.

ఇంత ముస్తాబు చేసి మమ్మల్ని ఎక్కడ పెట్టారనుకున్నారు? నైరుతి మూల, ఒకరి నెత్తిన ఒకరిని! బరువు నైరుతిలోనే ఉండాలట, వాస్తు. పైన అల్లిన గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ పూలు. టేపు పెట్టగానే రెండు గొంతులూ కలిసి ముద్దయిపోయాయి.

"అక్కేది, నేనేది? దెప్పేదెవరో, పడేదెవరో తెలియట్లేదు. అమ్మేయండి వీటిని. నేను వినలేను," అన్నారు మాణిక్యంగారు.

నాకు భయం వేసింది. గంగరాజుగారు పాపం, మళ్ళీ కెపాసిటర్లు మార్పిస్తానన్నారు. ఆవిడ మావైపు కాసేపు చూశారు.

"ఎదురుబొదురుగా కూర్చుని పాడినోళ్ళని ఒకళ్ళ మీద ఒకళ్ళని ఎక్కిస్తే ఎలా పాడతారండీ? కిటికీ గోడకి ఈ చివరోటి, ఆ చివరోటి పెట్టండి."

"ఆ చివర ఈశాన్యమే! అక్కడ బరువు పెట్టకూడదు."

"మా అక్క బరువా అండీ?"

ఆయన పూలూ గుడ్డా తీసేసి, నన్ను ఈశాన్యానికి మోసుకెళ్ళి, గోడకు జానెడు ఎడంగా పెట్టి ఆవిడ కుర్చీవైపు తిప్పారు. నా జోడీ ఎడమవైపు సర్దుకుంది.

టేపు తిరిగింది. అటునుంచి పడుచు మాణిక్యంగారు మగపెళ్ళివారి పిసినారితనాన్ని ఏకిపారేశారు. నాలోంచి రత్నంగారు నవ్వుతూ ఎదురు తగిలారు. రత్నంగారి చివరి దెప్పు పూర్తయిందో లేదో బాజాలు మోగాయి, టేపు అయిపోయింది. ఆ రోజు దానికి జవాబు చెప్పే వీలే చెల్లెలికి చిక్కలేదన్నమాట.

మాణిక్యంగారు కుర్చీ నావైపు జరుపుకున్నారు.

"ఆగవే అక్కా, ఎక్కడికెళ్తావు?" అని, కన్నీళ్ళు తుడుచుకోకుండానే ఆ జవాబు ఇప్పుడు ఎత్తుకున్నారు.

పుట్టిన దగ్గర్నుంచీ వినిపించడమే గాని వినడం ఎరగను. ఆ పూట నోరు మూసుకుని, చరణం చివరిదాకా విన్నాను.