తొమ్మిది ఫ్లాపీలు, ఒక బిస్కట్ డబ్బా

ముందుగా క్షమించాలి. అక్షరాలు నాకు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి, అవీ వరస తప్పి వచ్చాయి. తప్పులుంటే సర్దుకుని చదవండి. ఒక్కో వాక్యం రాసేలోపు ఒక్కో గ్లాసు కాఫీ చల్లారిపోతోంది, అంత నెమ్మది నాది.

మా దీవిలో, చేపల శాఖ ఆఫీసులో నేను జాబులు మోసేదాన్ని. మా ఆయన పోయాక ఆయన పడవ మిగిలింది. పడవ ఉంది కనక ఉద్యోగం ఇచ్చారు. మంగళవారం, శుక్రవారం కవర్లు తీసుకుని అవతలి ఒడ్డున పెద్దాఫీసుకు వెళ్ళాలి, అక్కడివి ఇక్కడికి తేవాలి. పదకొండేళ్ళలో ఒక్క కవరూ తడవనివ్వలేదు.

ఒక నెల మొదట్లో నేను తెచ్చిన కవరు చింపి మా అధికారి ఎలూతెరియో గారు గొంతు సవరించుకున్నారు. వచ్చే నెల ఒకటి నుంచి సెలవైనా, వల అయినా, ఇంజన్ మరమ్మతైనా, ఏది కావాలన్నా కంప్యూటర్లో మెయిల్ ఫారం నింపి పంపాలట. కాగితం తీసుకోరట. కాబట్టి నెలాఖరు శుక్రవారంతో జాబులు మోసే ఉద్యోగం రద్దు.

"మనాంగ్ తెయ్యా, నీ ఉరితాడు నువ్వే మోసుకొచ్చావే!" అంది గుమాస్తా కోన్సోర్సియా. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది, నా పొట్టిపేరు తెయ్యాకు ముందు మనాంగ్ అని చేర్చి అక్కను పిలిచినట్టే పిలిచేది.

"చదువొస్తే దార్లోనే సముద్రంలో పారేసేదాన్ని" అన్నాను.

అందరూ నవ్వారు. నేను మాత్రం ఇంకెన్ని శుక్రవారాలున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఆ జీతమే నా బియ్యం.

మరుసటి వారం పెద్దాఫీసు మనిషి వెండెల్ నా పడవలోనే వచ్చాడు, తొమ్మిది ఫ్లాపీల పెట్టెను గుండెలకు హత్తుకుని, దారంతా కక్కుకుంటూ. ఆఫీసులో రెండు కంప్యూటర్లున్నాయి. వాటి తీగలు గోడదాకానే. దీవికి టెలిఫోనే లేదు, ఇక నెట్‌వర్క్ ఎక్కడిది? అయినా ఎలూతెరియో గారు ఫాదర్‌ను పిలిపించి రెండింటికీ పవిత్ర జలం చల్లించారు. ఫాదర్ చెయ్యి పెద్దది. ఒకదాని కీబోర్డు అక్కడే ప్రాణం విడిచింది.

వెండెల్ ఒక్కో ఫ్లాపీ దోపుతూ, తీస్తూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. ఆఖర్న నెట్‌వర్క్ ఎక్కడుందని కంప్యూటర్ అడిగితే, 'లేదు' అన్న చోట నొక్కి లేచాడు.

"లేకపోతే ఫారం ఎలా వెళ్తుంది సర్?" అంది కోన్సోర్సియా.

"అంతా ఈ కాగితంలో రాసుందమ్మా" అని ఫ్లాపీల పెట్టెలోంచి అచ్చు కాగితం ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. "గాలి లేస్తోంది, నేను పోవాలి."

ఆ కాగితం ఎలూతెరియో గారి కాఫీ కప్పు కిందికి చేరింది.

ఒకటో తారీకు దాకా ఆగలేక ఆయన ఆ వారమే తన ఫారం నింపారు. కోడిపందేలకు నాలుగు రోజుల సెలవు. మీట నొక్కగానే తెరమీద ఏదో మెరిసి మాయమైంది. "చూశారా! ఈపాటికి పెద్దాఫీసులో వాలుంటుంది" అని పుంజును చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు.

నేను రోజూ కీబోర్డులు తుడుస్తూ ఒక్కో మీటనూ తేరిపార చూసేదాన్ని.

"ఏం చేస్తున్నావ్ మనాంగ్?"

"నన్ను మింగినదాని పళ్ళు లెక్కపెడుతున్నా."

పాపం, కోన్సోర్సియా గోళ్ళకు రంగేసుకుంటూనే ఒక్కో పన్నుకూ పేరు చెప్పింది. అందుకే నా అక్షరమాల ఇప్పటికీ క్యూతో మొదలవుతుంది. మీటలు వచ్చాక చదవడానికి దగ్గర్లో దొరికింది కప్పు కింది కాగితం ఒక్కటే. మా మాటలోనే, ఆ మీటల మీది అక్షరాలతోనే అచ్చేశారు. కాఫీ మరకల మధ్య వెతుక్కుంటూ పదకొండు రోజులు చదివాను. ఆఖరి వాక్యం ఇది: నెట్‌వర్క్ లేని చోట ఫారాలు కంప్యూటర్లోనే ఉండిపోతాయి, వాటిని ఫ్లాపీలోకి ఎక్కించి నెట్‌వర్క్ ఉన్న ఆఫీసుకు మనిషి చేత పంపాలి.

'మనిషి' అన్న మాటను రెండోసారి చదివాను.

కాగితాన్ని మళ్ళీ కప్పు కిందే పెట్టి సమయం కోసం చూశాను. ఆఖరి మంగళవారం తెచ్చిన కవరులో ఎలూతెరియో గారికి తాఖీదు వచ్చింది. చెప్పకుండా నాలుగు రోజులు ఎక్కడికి పోయావు, జవాబివ్వు అని.

"సెలవు పంపానుగా!" అని ఆయన బల్ల గుద్దారు.

"మీ సెలవు ఇంకా ఆ కంప్యూటర్లోనే కూర్చుంది సర్. పుంజూ ఓడింది, ఫారమూ కదల్లేదు."

"ఎవరన్నారు నీకు?"

"మీ కాఫీ కప్పు కింద రాసుంది."

కప్పు ఎత్తి చదివారు. మొహం ఎండుచేపలా అయింది. "సరే, శుక్రవారం ఫ్లాపీ పట్టుకెళ్ళు."

"వెళ్తాను. ఆ పై మంగళవారం ఎవరు వెళ్తారు? మీరా? మీకు తెడ్డు పట్టడం వచ్చా?"

"నన్నేం చెయ్యమంటావే తల్లీ!"

"నా ఉద్యోగానికి ఫారం నింపండి. కాగితం తీసుకోరుగా."

ఫారంలో ఉద్యోగం పేరు మనం రాయకూడదు, ఇచ్చిన పట్టీలోంచి ఏరుకోవాలి. జాబులు మోసేవాళ్ళను రద్దు చేశారు కనక ఆ పేరు పట్టీలో లేదు. వంటమనిషి ఉంది, కాపలాదారు ఉంది. కోన్సోర్సియా వేలు ఒకచోట ఆగింది.

"నెట్‌వర్క్ నిర్వహణ."

"మనకు నెట్‌వర్కే లేదు కదే!"

"ఉంది సర్. ఎదురుగా నిలబడి మిమ్మల్ని తిడుతోంది" అంది కోన్సోర్సియా నన్ను చూపిస్తూ.

నా పేరు నేనే కొట్టుకున్నాను. చాలాసేపు పట్టింది, ఎవరూ తొందరపెట్టలేదు.

శుక్రవారం ఫ్లాపీని బిస్కట్ డబ్బాలో పెట్టి, మూతకు మైనం రాసి, అవతలి ఒడ్డుకు తీసుకెళ్ళాను. కంప్యూటర్ ఒప్పుకుంది కనక అక్కడ ఎవరూ ఎదురడగలేదు. నేను తిరిగి పడవెక్కేలోపే జవాబు చేతికిచ్చారు, కాగితం మీద, కవరులో పెట్టి. మా దీవికి మెయిల్ రాదట.

పదకొండేళ్ళలో మొదటిసారి సముద్రం మధ్య తెడ్డు వదిలేసి కవరు చింపాను. మొత్తం చదివాక మళ్ళీ తెడ్డు అందుకున్నాను.

ఆ తర్వాత ఆరేళ్ళు చేశాను. అలలు పెద్దవై నేను ఇంట్లో ఉండిపోయిన రోజున ఆఫీసంతా ఒకటే మాట: "ఇవాళ నెట్‌వర్క్ లేదు."

తెయోఫిలా గబూయా. వయసు అరవై ఏడు. ఇప్పుడు ఉండేది ఇలోయిలో పట్నంలో, రేవు వెనక మా చెల్లెలి ఇంట్లో.