జపాన్‌కి కుక్కర్ రాదు

"కుక్కర్ నా సూట్‌కేసుల పెట్టకు. నీ దాంట్లనే పెట్టుకో" అన్నాడు జనార్దన్, ఫోన్లోంచి తలెత్తకుండా. నేనప్పుడు ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. జపాన్ ప్రయాణానికి ఇంకా వారం ఉంది. రియాద్‌లో, మలాజ్ పేటలోని మా రెండు గదుల ఇంట్లో మాత్రం బియ్యం సంచి, కందిపొడి, మామిడికాయ తొక్కు, బుల్లి రైస్ కుక్కర్ అప్పుడే సోఫా ఎక్కి కూర్చున్నాయి. తా దూర కంత లేదు, మెడకో డోలన్నట్టు నా స్వెటర్‌కే చోటు లేని పెట్టెలో ఇవన్నీ పట్టాలి. మూడు పూటలా అన్నం తినే దేశానికి అన్నం వండే గిన్నె మోసుకెళ్ళే ఘనత మాకే దక్కాలి. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది.

ఆ కుక్కర్ నేను చూసిన దేశాలన్నీ చూసింది. అదెక్కడుంటే నేనూ అక్కడే ఉన్నాను మరి. ఇస్తాంబుల్‌లో గదిలో స్మోక్ అలారం మోగుతుందని బాత్రూంలో ప్లగ్గు పెట్టి, కమోడ్ మూత మీద కూర్చుని అన్నం వండాను. ఆయన సముద్రం ఒడ్డున ఫొటోలు దిగి వచ్చి "ఇంక కాలేదా?" అన్నాడు. ఇస్తాంబుల్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ బాత్రూం గోడలే గుర్తొస్తాయి. జార్జియా వెళ్ళినప్పుడు తిబిలిసిలో ఫ్యూజు పోయి హోటల్ మేనేజర్ తలుపు కొట్టాడు. ఈయన నా వైపు చెయ్యి చూపించి, మా మిసెస్‌కి బయటి తిండి పడదని ఇంగ్లీషులో చెప్పాడు. నాకు అన్నీ పడతాయి. ఆ మాట అప్పుడే ఎందుకు అనలేదని ఇప్పటికీ నా మీద నాకు కోపం. జగిత్యాల నుంచి మా అత్త దేవవ్వ ప్రతి ప్రయాణానికీ ముందు ఫోన్ చేస్తుంది. "బిడ్డా, వానికి బుక్కెడు వేడన్నం లేకుంటె పానం ఊకోదు. నువ్వే అర్సుకోవాలె." నా ప్రాణం సంగతి ఆమె ఎన్నడూ అడగలేదు. పాపం, ఆమెను కూడా ఎవరూ అడిగి ఉండరు.

మర్నాడు నేను పాఠాలు చెప్పే స్కూల్లో లంచ్ గంటలో హసీనా పక్కన కూర్చున్నాను. కడప పిల్ల, సైన్స్ చెబుతుంది, నిరుడు భర్తతో జపాన్ వెళ్ళొచ్చింది.

"మొదటిసారి పోయేటోళ్ళు నాలుగు ముక్కలు తెలుసుకుంటే సాలు ఉమక్కా. గిన్నె సేత్తో ఎత్తుకొని తాగొచ్చు. నూడుల్సు జుర్రుమని జుర్రుకోవచ్చు, ఎవురూ ఏమీ అనుకోరు. అన్నంలో ఆ తినే పుల్లలు నిలబెట్టాకు, సచ్చినోళ్ళకి అట్ల పెడతారంట. టిప్పు ఇయ్యాకు, వెంటబడొచ్చి మళ్ళీ సేతిలో పెడతారు. చారులో కూడా చేప ఉంటాది, అడిగి తిను. తిని లేచేటప్పుడు 'గొచిసోసమా' అనాల. మంచిగా పెట్టినారు, సంతోషం అని, వండినోళ్ళకి వినపడేట్టు. మా ఆయన ఆడ దినామూ అన్న్యాడు. రియాద్‌లో దిగినాంక మర్చిపోయినాడు!"

ఇద్దరం పడీపడీ నవ్వాం. నవ్వుతూనే లెక్కేసుకున్నాను, పెళ్ళయినప్పటి నుంచి నా వంటకి నేను విన్నవేమిటని. ఉప్పు తక్కువైంది. పచ్చిపులుసు నిన్నటిదా. మా అమ్మ చేసినట్టు లేదు. అప్పుడే నాకేం కావాలో స్పష్టంగా తెలిసింది. కొండలూ పూలూ తర్వాత చూస్తాను. ముందు ఒక చిన్న హోటల్లో ఎత్తు స్టూలు మీద కూర్చోవాలి. ముక్కూ మొహం తెలియని మనిషి నా ఎదురుగా వండి, పొగలు కక్కే గిన్నె నా ముందు పెట్టాలి. నేను దాన్ని రెండు చేతులా ఎత్తి, ఇంట్లో ఆడపిల్లవి నెమ్మదిగా తినమన్న వాళ్ళందరి పేరు చెప్పుకుని జుర్రుకోవాలి.

కుక్కర్ సంగతి చెబితే హసీనా చిటికెలో తోవ చూపించింది. "బియ్యం ఊరికే రానియ్యరక్కా, దానికేవో కాగితాలుండాల. కస్టమ్స్ వాళ్ళ పేరు సెప్పేసెయ్. గొడవుండదు."

మంచి సాకే, పైగా నిజం కూడా. సాకులు నాకు కొత్త కాదు. తలనొప్పి, గ్యాసైపోయింది, పేపర్లు దిద్దాలి. నాకు చెయ్యాలని లేదన్న ఒక్క మాటకి ఇన్నేళ్ళలో ఎన్ని చీరలు కట్టానో. కానీ ఇంటికొచ్చే దారి పొడవునా ఒకటే ఆలోచన. కస్టమ్స్ వాళ్ళు వద్దంటే ఆగే మనిషి, నేను వద్దంటే ఎందుకు ఆగడు? ఆ సంగతేదో ఈ ప్రయాణానికి ముందే తేలిపోవాలనుకున్నాను.

సాయంత్రం ఆయన టీ తాగుతుండగా కుక్కర్ తీసుకెళ్ళి వంటింటి అటక మీద పెట్టేశాను.

"ఏమైంది, కరాబైందా?"

"మంచిగనే ఉన్నది. నేనక్కడ వండ. తినడానికే పోతున్న."

"మరి నేనేం తినాలె?"

"నేను తినేదే తిను. లేకుంటె నువ్వే ఎతుక్కో."

ఆయన ముందు నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి మొహం ఎర్రబడింది. "బాగ మాటలొస్తున్నయ్ నీకు. అసలు పోవుడే వద్దు. నీ ఎగ్జిట్ రీఎంట్రీ కొట్టియ్య, ఎట్ల పోతవో చూస్త" అంటూ ఫోన్ అందుకున్నాడు.

భర్త ఇఖామా మీద, అంటే ఆయన నివాసపత్రం కింద, ఉన్న భార్య సౌదీ దాటాలంటే ఆ అనుమతి భర్తే తీయాలి. ఇన్నేళ్ళూ నా రాకపోకలు ఆయన వేలి కిందే ఉన్నాయి. మా నాన్న పోయిన రోజు కూడా "డ్యూటీ అయినంక కొడ్తలే" అన్నాడు. కడచూపు దక్కలేదు నాకు. అయితే పోయినేడు, నెలనెలా నా పేరున కట్టే డిపెండెంట్ ఫీజు దండగని, "స్కూల్ కఫాలత్‌లకు మారు, పీడ వోతది" అని వెంటపడి నన్ను స్కూలు పేరు మీదికి మార్పించిందీ ఆయనే. ఆ సంగతి నాకు గుర్తుంది. ఆ అనుమతులు తీసే సర్కారు యాప్ తెరిచి నా పేరు వెతికే దాకా ఆయనకి గుర్తు రాలేదు. పైకీ కిందికీ జరిపాడు, యాప్ మూసి మళ్ళీ తెరిచాడు. ఆయన కింద నా పేరే లేదు.

"నాది స్కూలోళ్ళు నిన్ననే ఇచ్చిండ్రు" అన్నాను. "నీకే కంపెనీ ఇంక ఇయ్యలేదు కద, జల్ది అడుగు. రాకుంటె నేనొక్కదాన్నే పోయొస్త."