బొట్టున్న విశ్వాసి

బందరు దగ్గర సముద్రపు ఒడ్డు ఊళ్లో నాగమల్లేశ్వరి చేపలమ్మేది. మొగుడు రామాంజనేయులు బోటు మీద వేటకెళ్లేవాడు. ఒకసారి తుపానులో ఆ బోటు తిరిగి రాకపోతే, పక్కింటి దానమ్మ ఆమెను మందిరానికి తీసుకెళ్లి ప్రార్థనలో కూర్చోబెట్టింది. రామాంజనేయులు బతికొచ్చాడు. నాగమల్లేశ్వరి మనసు మాత్రం మందిరంలోనే ఉండిపోయింది.

ఇంట్లో పటాలకు దణ్ణం పెట్టడం మానేసింది. గంప నెత్తినపెట్టుకుని యేసు పాటలు పాడుకుంటూ వీధులు తిరిగేది. రామాంజనేయులు వద్దనలేదు, తనూ వెళ్లలేదు.

బాప్తిస్మం దగ్గరే ఆగిపోయింది. బొట్టు తీసేసి, నీళ్లలో మునిగినవాళ్లకే ఆ సంఘంలో ప్రభువు పేరున రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు.

"మునగడానికి నాకేం భయమండీ, సముద్రం పక్కన పుట్టినదాన్ని," అంది పాస్టరు ప్రకాశరావు గారితో. "బొట్టు తుడవాలంటేనే చెయ్యి రావట్లేదు అయ్యగారూ. ఆయన వేట మీద ఉండగా నా అంతట నేను తుడుచుకుంటే, ఆయన చావు కోరుకున్నట్టు కాదూ?"

"ఆయన ప్రాణం బొట్టులో లేదమ్మా. ప్రభువు చేతిలో ఉంది. అది నమ్మడమే విశ్వాసం."

"నమ్ముతున్నానండీ. చెయ్యే వినట్లేదు."

ఆయన కోప్పడలేదు. రొట్టె పళ్లెం తిరిగే ఆదివారాల్లో అది ఆమెను దాటి దానమ్మ చేతికి వెళ్లేది. ఆమె తల వంచుకుని కూర్చునేది.

ఆమెకు కాలేయం పాడైందని విజయవాడ ఆసుపత్రిలో చేర్చేసరికి పరిస్థితి చెయ్యి దాటిపోయింది. ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారు డాక్టర్లు.

"మావా, అయ్యగార్ని పిలిపించు," అంది ఆమె. "ఆ రొట్టె ముక్క ఒక్కసారి తింటాను."

ప్రకాశరావు గారు పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. చేతిసంచిలో స్టీలు డబ్బాలో రొట్టె ఉంది. మంచం పక్కన కూర్చున్నారు.

"ఈ స్థితిలో ముంచడం కుదరదు," అన్నారు రామాంజనేయులుతో. "అది దేవుడు చూసుకుంటాడు. సంఘ పెద్దలకు నేను సమాధానం చెప్పుకుంటాను. కనీసం ఆ బొట్టయినా తీసేస్తే..."

"నేను తుడుస్తానండి. నా కోసమేగా పెట్టుకుంది."

తువ్వాలు కొస తడిపి, పసిపిల్ల మొహం తుడిచినట్టు నెమ్మదిగా తుడిచాడు. మగతలో ఉన్న నాగమల్లేశ్వరి కళ్లు తెరిచి, నుదురు తడుముకుంది. బోసిగా తగిలింది. గాభరాగా మొగుడి మొహంలోకి చూసింది.

"మావా, నువ్వు ఎదురుగానే ఉన్నావుగా! ఎందుకు తీశావు? పెట్టెయ్."

పాస్టరు గారు అప్పటికే డబ్బా మూత తీశారు. "ఒక్క క్షణం ఓర్చుకోమ్మా, ఇస్తాను."

"బొట్టుతోనే ఇవ్వండి అయ్యగారూ. ప్రభువు నన్నెరగడా?"

ఆయన చెయ్యి ఆగిపోయింది. ఎంతోమంది ఆడవాళ్ల చేత ఆయనే బొట్టు తీయించారు. కొందరిని అత్తింటివాళ్లు గెంటేశారు కూడా. వాళ్లందరి మొహాలూ గుర్తొచ్చాయి. ఈమెకు బొట్టుతో ఇస్తే వాళ్లకేమని చెప్పాలి? మూత పెట్టేసి, కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు.

పక్క మంచం ఆవిడ దగ్గర కుంకుమ అడిగి రామాంజనేయులు మళ్లీ బొట్టు పెట్టాడు. ఆ మధ్యాహ్నం అంబులెన్సు ఉయ్యూరు దాటాక ఆమె ప్రాణం పోయింది.

ముత్తైదువగా పోయిందని బంధువుల ఆడవాళ్లు మొహం నిండా పసుపు రాశారు. బాప్తిస్మం లేదు కనక సమాధుల తోటలో చోటివ్వలేమన్నారు సంఘ పెద్దలు. ఊరి శ్మశానానికి మోశారు. దానమ్మ తన ఇంటి గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది.

కొరివి పెట్టి, తడిబట్టలతో బయటికొచ్చిన రామాంజనేయులుకి రోడ్డు మీద పాస్టరు గారు కనిపించారు.

"అయ్యగారూ, ఒక్కటి చెప్పండి. అది మీ మనిషేనా?"

"కాదని చెప్పాల్సినవాణ్ణి," అన్నారాయన. "చెప్పలేకపోతున్నాను."

"మరి ఆ ముక్క నోట్లో పెట్టాల్సిందండీ."

రామాంజనేయులు గొంతులో కోపం లేదు. "నేనూ తుడవకుండా ఉండాల్సింది," అన్నాడు. "భయపడిపోయింది పిచ్చిది."

లోపల్నుంచి ఎవరో పిలిస్తే వెళ్లిపోయాడు. చితి ఆరేదాకా ప్రకాశరావు గారు రోడ్డు మీదే నిలబడ్డారు. ఆయన్ని లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు. పిలిస్తే వెళ్లేవారో లేదో ఆయనకే తెలియదు.