అరువిచ్చిన కుడిచేయి

మా అమ్మాయి కుడిచేయి విరిగి కట్టులో ఉంది. రాసేది ఎడమచేత్తోనే అయినా, కదిలే ధన విద్యుదావేశాన్ని అయస్కాంతం ఎటు తోస్తుందో కుడిచేతి వేళ్లతోనే చూడాలట. అందుకని రోజూ నా చేయి అరువిచ్చాను. చూపుడువేలు ఆవేశం కదిలే వైపు, మధ్యవేలు అయస్కాంత క్షేత్రం వైపు తిప్పి, నా బొటనవేలు ఎటుందో చూసి రాసుకునేది.

పరీక్షనాడు గేటు బయట ఒక్కదాన్నే కూర్చున్నాను. కీడెంచి మేలెంచమన్నారు గానీ, నా ఆలోచన మేలు దాకా ఎప్పుడూ వెళ్లదు. లోపల దానికి నా చేయి లేదే, తప్పుతుందేమోనని గేటు వైపే చూస్తూ ఉన్నాను.

బయటికి రాగానే అడిగాను.

"నా చేయి లేకుండా ఎలా చేశావే?"

"ఎలక్ట్రాన్ ఇచ్చారమ్మా. అది రుణావేశం కదా, బలం తిరగబడుతుంది. కుడిచేతికి సరిగ్గా ఎదురు వైపు చూపే నా ఎడమచేయే సరిపోయింది. నువ్వూ నీ భయాలూ!"

నవ్వేసి స్నేహితురాళ్లతో ముందుకెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక చూసుకుంటే నా మూడు వేళ్లూ ఇంకా చాచుకునే ఉన్నాయి. తిప్పేవాళ్లు లేక ముడిచేశాను.