దుమ్ము పంట

పసిబిడ్డకు జ్ఞానస్నానం జరిగిన ఆదివారం ఏ ఇంటికైనా పండుగే. శాన్ వాకీన్ లోయలో, కాలువ వంతెనకు ఆవల ఉన్న ఎఫ్రయిన్ కింటానా ఇంట్లోనూ ఆనాడు అంతే. పెరట్లో పెద్ద గిన్నెలో మేకమాంసం ఉడుకుతోంది. ఆడవారు రొట్టెలు కాలుస్తున్నారు. తెల్లని గౌనులో ఉన్న ఇనెస్ అనే పసిపాప చేతులు మారి మారి అలసిపోయి, చివరకు తల్లి భుజం మీద నిద్రపోయింది. ఇంతటి సంతోషంలో ఒక ప్రమాదం తలుపు దగ్గరే నిలబడి ఉన్నదని అక్కడ ఎవరికీ తోచలేదు. అది వారు ఎంతో ప్రేమించే ప్రమాదం కావడమే అందుకు కారణం.

ఎఫ్రయిన్ వెల్డింగ్ పనివాడు. తన ట్రక్కుకు స్ప్రింగులు తీసివేసి గాలితిత్తులు అమర్చుకున్నాడు. మీట నొక్కితే వాటిలోని గాలి పోయి బండి పొట్ట నేలకు ఆనుతుంది. ఆ పొట్ట కింద ఒక టైటానియం దిమ్మ ఉంటుంది. పరుగులో ఉండగా బండిని దించితే ఆ దిమ్మ తారును ఒరుసుకొని, తెల్లని నిప్పురవ్వలను వెనక్కు వెదజల్లుతుంది. దీనిని వారు ఈడ్పు అంటారు. వారి ట్రక్కుల బృందంలో ఎవరికి బిడ్డ పుట్టినా, జ్ఞానస్నానం నాటి సాయంత్రం తండ్రి తన ఇంటి ముందు ఒక ఈడ్పు ఈడ్వాలి. అది బిడ్డకు తొలిదీపమట.

రవ్వలు అందంగా ఉంటాయి, నేను కాదనను. అయితే నడిపేవాడు అద్దంలో వాటి వెలుగునే చూస్తాడు. అవి వాలే చోటును చూడడు. పెట్రోలు గొట్టమూ బ్రేకు గొట్టమూ ఆ దిమ్మ పక్కగానే సాగుతాయి. నేలను ఒరుసుకుంటున్న బండికి స్టీరింగు మీద గౌరవం ఉండదు. ఇవన్నీ తెలిసినవారే ఈ పని చేస్తారు. తెలియనితనాన్ని మన్నించవచ్చు, తెలిసీ చేసేదానికి మన్నింపు ఎక్కడ వెతకాలి?

ఆ ఇంటికి మూడువైపులా ఉన్న ఓట్స్ గడ్డి చేను ఇడాలినా బోర్జెస్ అనే వృద్ధురాలిది. గడ్డి ఎండుముఖం పట్టగానే ఆమె ఏటా ట్రాక్టరు ఎక్కి ఆ ఇంటి చుట్టూ వెడల్పుగా నేల దున్ని, ఒక్క పరక లేకుండా మట్టిని బోసిగా ఉంచేది. దున్నినప్పుడల్లా ఆ దుమ్ము ట్రక్కుల మెరుగు మీద పడేది. ఎఫ్రయిన్ మిత్రుడు రామిరో ఊరుకునేవాడు కాదు.

"ఏంటమ్మా, ఈ ఏడు కూడా దుమ్ము పంటేనా?"

"అవును నాయనా. పండితే నీకూ ఓ మూట పంపిస్తాలే" అనేది ఇడాలినమ్మ, ట్రాక్టరు ఆపకుండానే.

ఆ సాయంత్రం పొద్దు వాలుతుండగా ఎఫ్రయిన్ భార్య మారిసెలా అతని చొక్కా పట్టుకుని ఆపింది. "గాలి ఎట్లా కొడుతుందో చూడు. ఈ ఒక్కసారికి మానెయ్యి."

"ఒక్క ఈడ్పేనే. పిల్లకి దీపం పెట్టకపోతే మనవాళ్లు నన్ను బతకనిస్తారా?"

"మీ వాళ్లకేం, వాళ్ల పిల్లా ఇక్కడుంది?"

అతడు నవ్వి బండి ఎక్కాడు. అంతకుముందే అతిథుల పిల్లలు అడిగారని బండిని పైకీ కిందికీ ఆడించి, తిత్తులను నింపే తొట్టిలోని నిల్వగాలిని దాదాపు ఖర్చు చేసి ఉన్నాడు. ఆ సంగతి అతనికి గుర్తు లేదు. చేనుగట్టు వెంట బండి దూసుకొచ్చింది, కుంగింది, దిమ్మ రోడ్డును తాకింది. తెల్లని వెలుగు చూసి అందరూ చప్పట్లు కొట్టారు. బండి ఇల్లు దాటి, ఇరుకు వంతెన మీదికి పోయి ఆగింది. అప్పటికే అతని వెనుక, గట్టు మీది ఎండుగడ్డిలో, మంట లేచి నిలుచున్నది.

ఎఫ్రయిన్ అద్దంలో పొగ చూసి, బండిని పైకి లేపే మీట నొక్కాడు. బండి లేవలేదు. తొట్టిలో గాలి లేదు. గాలి నింపే యంత్రం నింపాదిగా రొద చేస్తున్నది తప్ప, నేలను కరచుకున్న చట్రం వెంట్రుకవాసి కదలలేదు. ఊరికి ఆ వంతెన తప్ప మరో దారి లేదు. ఎవరో ఫోను చేస్తే అటువైపు నుంచి వచ్చిన అగ్నిమాపక శకటం అతని ట్రక్కు ముందు ఆగి హారను కొడుతున్నది. ఎఫ్రయిన్ దిగి ఇంటివైపు పరుగెత్తాడు. పొగ ఇంటిని పూర్తిగా మింగింది. అతనికి తన కూతురి పేరు తప్ప మరొకటి నోట రాలేదు.

ఇల్లు నిలిచే ఉన్నది. చేనంతా ఆక్రమించిన మంట దున్నిన నేల అంచుకు వచ్చి, తినడానికి ఏమీ దొరకక అక్కడే చచ్చింది. ఎగిరిపడ్డ కొరవులను ఇడాలినమ్మ ట్రాక్టరుతో మట్టిలోకి తొక్కుతున్నది. ఆ బోసి నేల మీద అతిథులంతా ఒకచోట గుమికూడి ఉన్నారు. వారి మధ్య, తడి దుప్పటిలో చుట్టుకున్న ఇనెస్‌ను గుండెకు అదుముకుని మారిసెలా నిలబడి ఉన్నది. పాప దగ్గుతూ ఏడుస్తున్నది. ఎఫ్రయిన్ జీవితంలో విన్న అతి మధురమైన శబ్దం ఆ ఏడుపే.

రామిరో ముఖం నిండా మసి. అతడు ట్రాక్టరు దగ్గరికి నడిచి టోపీ తీశాడు. "పండిందమ్మా నీ పంట" అన్నాడు. ఆ మాటలో ఈసారి ఎగతాళి లేదు.

ఇడాలినమ్మ చూపు తన కొట్టం వైపు ఉన్నది. చలికాలానికి పశువుల కోసం పేర్చుకున్న గడ్డిమోపులు ఇంకా కాలుతూనే ఉన్నాయి.

మరునాడు ఎఫ్రయిన్ ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. "నా బిడ్డను కాపాడావమ్మా. నీ రుణం ఎట్లా తీర్చుకోవాలో తెలియడం లేదు."

"కూర్చో. కాఫీ తాగు" అన్నది ఆమె. తరువాత నెమ్మదిగా, "నీ బిడ్డ కోసమని దున్నలేదయ్యా. మీరు మానరని తెలుసు గనక దున్నాను. మీరు రవ్వలు చిమ్ముతుంటే వెనకాల ఎవరో ఒకరు మట్టి పట్టుకుని కాపలా కాయాలి. ఇన్నేళ్లూ ఆ ఎవరో నేనే అయ్యాను. నా మోకాళ్లు ఇక ట్రాక్టరు ఎక్కనిచ్చేలా లేవు. రేపు నేను లేకపోతే?" అన్నది.

ఆ సాయంత్రం బృందమంతా చూస్తుండగా ఎఫ్రయిన్ బండి కింద దూరి, దిమ్మను విప్పి బయట పడేశాడు. ఎవరూ నవ్వలేదు. ఆ చలికాలమంతా ఇడాలినమ్మ పశువులకు గడ్డి ఆ ట్రక్కుల్లోనే వచ్చింది. పొట్టలు పైకెత్తుకుని, మెల్లగా.

మరుసటి వేసవి మొదట్లో రామిరో కొడుకుకు జ్ఞానస్నానం జరిగింది. ఆనాటి సాయంత్రం ఈడ్పు లేదు. రామిరో ఇడాలినమ్మ ట్రాక్టరు ఎక్కి, ఎఫ్రయిన్ ఇంటి చుట్టూ దున్ని, నెత్తి నిండా దుమ్ముతో దిగివచ్చాడు. తన గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న ఇడాలినమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"చాళ్లు వంకర పోయినై. అయినా మూట పంపిస్తాలే."

పాఠకులారా, మన ఆనందం వెనుక ఎవరో పేరు తెలియనివారు మన పొరపాట్లకు కాపలా కాస్తూనే ఉంటారు. వారికి చేతులెత్తి మొక్కడం మంచిదే. కాని వారి కాపలా అక్కరలేకుండా బతకడం నేర్చుకోవడమే నిజమైన కృతజ్ఞత.