పక్కసాలు

తేనె సీసాల మీద దుమ్మన్నది లేదు. అయినా కనక పొద్దుటి నుంచి వాటిని తుడుస్తూనే ఉంది. ఇంకాస్త గట్టిగా తుడిస్తే లోపలి తేనె కూడా తెల్లబడేలా ఉంది.

ఆ ఏటి వానలకు అరకులోయలో కప్పలకే జలుబు చేసింది. ఘాట్‌లో బండరాళ్ళు జారి పట్టాల మీద పడడంతో అద్దాల పెట్టెల రైలు ఆగిపోయింది. రైలు రాకపోతే టూరిస్టు రాడు. టూరిస్టు రాకపోతే రోడ్డు వార ఉన్న ఆ కొండ సరుకుల కొట్టుకు వచ్చే గిరాకీ మబ్బు ఒక్కటే. అది మాత్రం రోజూ వచ్చేది. వాకిట్లోంచి లోపలికి దూరి, కాఫీపొడి పొట్లాలూ మిరియాలూ వెదురుబుట్టలూ తీరుబడిగా చూసుకుని, ఒక్కదాని ధరైనా అడక్కుండా వెనక కిటికీలోంచి వెళ్ళిపోయేది.

బేరం లేనప్పుడు కాసేపు కూర్చోవచ్చు. ఆ సుఖం లేకుండా చేసింది పైమూల బిగించిన కెమెరా. యజమాని దేవీప్రసాద్ విశాఖలో ఉంటాడు. కొట్టును ఫోనులో చూస్తాడు. అన్నం తింటూ చూస్తాడు, కారు నడుపుతూ చూస్తాడు. గెడ్డం గీసుకుంటూ కూడా చూస్తాడని, అందుకే ఆయన చెంప మీద అన్ని గాట్లని, కనకతో పాటు కొట్టులో పనిచేసే మగ్దలేనమ్మ అనేది. చూసి ఊరుకున్నా బాగుండేది. ఆ కెమెరాకు గొంతు కూడా ఉంది.

"కనకా, ఏటలా నిలబడిపోయావు? నిలబడ్డానికా జీతం?" అనేది గోడ.

అందుకని ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. మగ్దలేనమ్మ బుట్టలన్నీ పరిమాణం చూసి పేరుస్తుంది. ఆవిడ కాఫీపొడి వైపు తిరగగానే కనక వాటిని రంగు చూసి పేరుస్తుంది. తరవాత మళ్ళీ మొదలు. ఆ బుట్టలు అల్లినవాడు కూడా వాటిని అంతగా ముట్టుకుని ఉండడు.

నిన్న సాయంత్రం గోడ కొత్త మాట చెప్పింది. సీజన్ వచ్చేదాకా కొట్టుకు ఒక్క మనిషి చాలు.

"ఎవరు ఒళ్ళొంచుతున్నారో నాకు కనబడతాది. రేపు సాయంత్రం చెప్తాను. ఒకరు ఉంటారు, ఒకరు వెళ్తారు."

ఉండకపోతే కనకకు గడవదు. ఆమె మొగుడు బుధు ఎండాకాలంలో మిరియాలు కోస్తూ, ఆ తీగ పాకిన సిల్వర్ ఓక్ చెట్టు మీదినుంచి పడ్డాడు. నడుం విరిగింది. అప్పటినుంచి పక్కకు తిరగాలన్నా కనక చెయ్యి కావాలి, నొప్పి తగ్గాలంటే మాత్రలు కావాలి. నెలకు వచ్చే ఏడు వేలే ఆ ఇంటికి ఆధారం. మగ్దలేనమ్మకు మొగుడూ లేడు, పిల్లలూ లేరు. చర్చి వెనక అద్దె గది ఉంది. ఈ కొట్టు తెరిచిన నాటినుంచి నిలబడి నిలబడి సంపాదించుకున్న మోకాలి నొప్పి ఉంది.

ఇవాళ ఆ మోకాలు పనసకాయలా వాచింది.

"నా కాలు నా మాట ఇనట్లేదే గుంటా," అంది మగ్దలేనమ్మ, బల్ల పట్టుకుని. "దానికి కూడా ఆ బాబే జీతమిత్తున్నట్టున్నాడు."

"నువ్వలా బల్లకి ఆనుకుని ఉండు పిన్నీ. నీ సాలు నాను లాగీత్తాను."

కనకది హుకుంపేట దాటాక కొండ మీది ఊరు. అక్కడ చోడి చేలో కలుపు తీసేటప్పుడు ఆడవాళ్ళందరూ వరసగా వంగుతారు. ఒక్కొక్కరికి ఒక్కో సాలు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా, చంటిపిల్ల ఏడ్చినా, పక్కసాలు మనిషి రెండు సాళ్ళూ లాక్కుంటూ పోతుంది. అడగడం ఉండదు, మెచ్చుకోవడం ఉండదు. అందరూ గట్టు చేరాలి, అంతే. ఒక సాలు వెనకబడితే ఆ సిగ్గు దాని మనిషిది కాదు, పక్కదానిది.

కనక అలాగే చేసింది. తన అరలు సర్దింది, పిన్ని చూసే తేనె అర సర్దింది. గాలికి లోపలికి కొట్టుకొచ్చిన బురద కడిగింది. బుట్టలు దింపింది, ఎక్కించింది. బుగ్గల మీంచి చెమట కారుతుంటే ఒకటి రెండు సార్లు కెమెరా వంక చూసింది కూడా, రెండు సాళ్ళూ సాగుతున్నాయి చూసుకోమన్నట్టు. పని జరిగిందా లేదా అన్నదే చేనుకు కావాలి, చేసిన చేతులెవరివని అడగదు. గోడ మీది కన్నూ అంతేనని నమ్మింది. ఆ నమ్మకమే కొంప ముంచింది.

సాయంత్రం గోడ పలికింది. "శభాష్ కనకా. పొద్దుట్నించి చూస్తన్నాను. ఇద్దరి పని ఒక్కర్తివే చేశావు. నువ్వుండు. వచ్చే నెల నించి వెయ్యి ఎక్కువిస్తాను. మగ్దలేనమ్మా, నువ్వింక రెస్టు తీసుకో. తాళాలు కనకకి ఇచ్చీ."

కనక చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

"అది పిన్ని సాలు బాబూ. పిన్ని కాలు వాచీసింది, నాను లాగినాను. ఆ పని ఆవిడదే."

"నేనూ అదే అంటన్నాను. ఆవిడ పని నువ్వు చేసేస్తన్నప్పుడు ఇంక ఆవిడెందుకు?"

ఆ ప్రశ్న కొండ మీద పుట్టదు. అక్కడ ఎవరూ అలా అడగరు.

మగ్దలేనమ్మ బొడ్లోంచి తాళాలు తీసింది. "తీసుకో అమ్మా. బుధుకి మందులుండాల. నాకేటి, పాస్టరుగారి కోళ్ళకి గింజలు సల్లుకుని బతికేత్తాను. అవి కెమెరా పెట్టవు." నవ్వబోయింది గాని, నవ్వు పెదవి దాకా వచ్చి జారిపోయింది. కనక తాళాలు అందుకోలేదు. ఆవిడ వాటిని బల్ల మీద పెట్టి, గోడ పట్టుకుంటూ వాకిలి వైపు నడిచింది.

అంత వానలోనూ సరిగ్గా అప్పుడే ఒక వ్యాన్ వచ్చి ఆగింది. ఒకాయన, భార్య, ముసలి తల్లి తడుస్తూ లోపలికి వచ్చారు. ఎన్నో రోజులకు కొట్టులో మనుషుల గొంతు వినబడింది. గోడ గొంతు ఒక్కసారిగా బెల్లమైపోయింది. "రండి సార్. కనకా, సార్‌కి ఏం కావాలో చూడు."

"అడవి తేనె ఉందా అమ్మా? ఈ సీసా ఎంత?" అన్నాడాయన.

సీసా కనక చేతికి అందేంత దగ్గరలో ఉంది. ధర నోటి చివర ఉంది. బుధు కళ్ళముందు మెదిలాడు, చీకట్లో ఆమె చెయ్యి కోసం తడుముకుంటూ.

"తేనె పిన్ని సూత్తాది సార్," అంది కనక. "అద్గో, ఆవిడ."

"నువ్వే చెప్పొచ్చు కదమ్మా?"

"నాను సెప్పను సార్."

ముసలావిడ కొడుకు మొహం చూసింది. గోడ గొంతు తగ్గించింది. "కనకా. తాళాలు తీసుకుని కస్టమర్ని చూడు. లేదంటే రేపట్నించి ఇద్దరూ రానక్కర్లేదు."

కనక రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. వెనక వేళ్ళు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

"పిచ్చిగుంటా, ఇచ్చీ ఆ సీసా," అని వాకిట్లోంచి కసిరింది మగ్దలేనమ్మ. "నీ మొగుడి మొకం సూసైనా ఇచ్చీ."

"నువ్వు రా పిన్నీ."

వాన చూరు మీద దరువేస్తోంది. మగ్దలేనమ్మ గడప దగ్గరే కొంగుతో మొహం తుడుచుకుని, లోపలికి తిరిగింది. ముందు కాఫీపొడి అర పట్టుకుంది, ఆ తరవాత బుట్టల దొంతర. అది ఒరిగి బుట్టలు నేల మీద దొర్లిపోయాయి. ఎవరూ వాటిని తియ్యలేదు. గోడ ఏదో అంటోంది. వచ్చినవాళ్ళు దారిచ్చి పక్కకు జరిగారు. పళ్ళు బిగించి, వాచిన కాలు ఈడ్చుకుంటూ ఆవిడ వస్తోంది. తేనె అర ఇంకా అంత దూరంలో ఉంది.